విందును విడువక దేహమును తేలిక చేసికొనుట



నేను పాలకొల్లు వాస్తవ్యుడను. చిరకాలము బడిలో తెలుగును సంస్కృతమును చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. వైద్యుడను కాను. అట్టివాడు దేహభారమును గూర్చి ప్రసంగించుట యేమని మీరు ప్రశ్నింపవచ్చును. ఇందు నేను చెప్పబోవునది పుస్తకములలో చదివినదే కాదు, నా దేహముమీద పరీక్షించి చూచినది కూడ. ఒకసారి మూఢముగా నడచి చెడితిని. రెండవసారి ఆలోచించి నడచి బాగుపడితిని. ఆ రెండు నడకలకును గల భేదమే నేటి నా ప్రసంగవిషయము.

మన గోదావరి మండలములో భోజనమనగా కడుపు నింపుకొనుట మాత్రమే కాదు. అది మర్యాద, అది బంధుత్వము. పెండ్లి కాని, వడుగు కాని, గృహప్రవేశము కాని, బంతి సాగినప్పుడే శుభకార్యము జరిగినట్లు. ముద్దపప్పు, ఆవకాయ, పనసపొట్టు కూర, కందబచ్చలి, పులిహోర, గారెలు, పూర్ణపు బూరెలు, గుమ్మడికాయ పులుసు, గడ్డపెరుగు - ఇవి లేని విస్తరి మనకు విస్తరి కాదు. ఆత్రేయపురపు పూతరేకులును, తాపేశ్వరపు మడతకాజాలును మన యూళ్ల పేరులను దేశమంతట చాటినవి. దిబ్బరొట్టెను చెరకు పానకముతో తినుట మా పాలకొల్లు ప్రాంతపు వేడుక. ఇట్టి సీమలో పుట్టినవానితో "విందులు మానుము" అనుట సులభము; మానుట దుర్లభము.

నాకు అరువదియొకటవ యేట మోకాళ్లు నొప్పి పెట్టుచున్నవని వైద్యుని యొద్దకు పోయితిని. ఆయన నన్ను తూచి, కొలిచి, నెత్తురు పరీక్ష చేయించి, "పంతులుగారూ, మీ యెత్తు అయిదడుగుల అయిదంగుళములు. బరువు 82 కిలోలు. చక్కెరవ్యాధి మీ గడపలో నిలిచియున్నది. లోపలికి రానిత్తురో, పంపివేయుదురో మీ యిష్టము" అనిరి. నేను భయపడి యింటికి వచ్చి, ఆ సాయంకాలమే కఠినమైన సంకల్పము చేసితిని. తీపి లేదు, నేయి లేదు, వేపుడు లేదు, ఎవరి యింటను భోజనము లేదు, హోటలు గడప త్రొక్కుట లేదు. మూడు మాసములు అట్లే యుంటిని. అయిదు కిలోలు తగ్గితిని. గర్వము మాత్రము పది కిలోలు పెరిగినది.

అంతలో మా అక్కయ్య మనుమని వడుగు వచ్చినది. తల్లి పోయిన పిదప నన్ను పెంచినది ఆమెయే. నేను బంతిలో కూర్చుండి, సంచిలోనుండి రెండు జొన్నరొట్టెలు తీసి విస్తరిలో పెట్టుకొని, వడ్డనకు వచ్చిన ప్రతివానికిని చేయి అడ్డము పెట్టితిని. అక్కయ్య స్వయముగా బూరెల పళ్లెముతో వచ్చినది. ఆమెకును చేయి అడ్డము పెట్టితిని. ఆమె ఒక్క నిమిషము నిలిచి, "ఒరే తమ్ముడూ, నా చేతి వంట నీకు విషమైపోయిందట్రా?" అని మాత్రము అని వెడలిపోయినది. ఆనాడు ఆమె ప్రొద్దుగ్రుంకువరకు మెతుకు ముట్టలేదని తరువాత తెలిసినది. తదాదిగా ఆరు మాసములు మా యింటికి రాలేదు.

ఇంత చేసి నేను నా వ్రతమునైనను నిలుపుకొంటినా? లేదు. తరువాతి మాసములో పనిమీద మా అల్లునితో రాజమహేంద్రవరము పోయి, మధ్యాహ్నమొక హోటలులో భోజనమునకు కూర్చుంటిని. పప్పుమీద నేయి పడినది. ఒక్క ముద్ద తింటిని. "ఎట్లును వ్రతము చెడినది కదా, ఇక అడ్డమేమి?" అని మనస్సు పలికినది. ఆ పూట కడుపు పగులునట్లు తింటిని. మరునాడును అదే మాట, ఆ మరునాడును అదే మాట. ఇరువది దినములలో తగ్గిన అయిదు కిలోలలో మూడు తిరిగి వచ్చినవి. అక్కయ్య మనస్సు నొప్పించితిని. దేహమునకును మేలు చేయనైతిని.

పెద్దలారా, నన్ను చెరచినది ఆ నేతిముద్ద కాదు. "చెడినది కనుక పూర్తిగా చెడనిమ్ము" అనెడి తలపు. సైకిలు చక్రమునకు ముల్లు గ్రుచ్చుకొన్నచో అతుకు వేయించుకొందుము గాని, రెండవ చక్రమును కూడ కోసివేయము గదా!

అప్పుడు నేను నా పాత పుస్తకములు తిరుగవేసితిని. చరకసంహిత సూత్రస్థానములో నిరువదియొకటవ యధ్యాయము స్థూలకాయులను గూర్చి విపులముగా చెప్పుచున్నది. మిక్కిలి లావైనవానికి ఆయువు తగ్గుట, నడక మందగించుట, దుర్బలత, అధికమైన చెమట, మితిమీరిన ఆకలిదప్పులు మున్నగు ఎనిమిది దోషములను అందు పేర్కొన్నారు. స్థూలునికి చికిత్స చేయుట కృశునికి చేయుటకంటె కష్టమనియు హెచ్చరించినారు. స్థూలునికి పెట్టవలసిన ఆహారము కడుపులో బరువుగా నిలువవలయును, కాని దేహమును పెంచరాదు అని చరకుని యభిప్రాయము. యవలు, పెసలు, ఉలవలు, కందులు, మజ్జిగ ఆయన చెప్పిన పథ్యములు. నేటి వైద్యులు పీచు గల కాయగూరలను, పప్పుధాన్యములను తినుడనుట దీనికి దూరము కాదు.

వాగ్భటుడు అష్టాంగహృదయములో ఇంకను ఉపయోగకరమైన కొలతలు చెప్పినాడు. కడుపును నాలుగు పాళ్లుగా భావించి, రెండు పాళ్లు అన్నముతోను, ఒక పాలు ద్రవముతోను నింపి, నాల్గవ పాలు వాయువునకు విడువవలయును. ఇది మీలో పలువు రెరిగినదే. కాని అంతకుముందే ఆయన మరియొక నియమము చెప్పినాడు. జీర్ణించుటకు బరువైన పదార్థములను సగము తృప్తి కలుగువరకే తినవలయును. తేలికైనవానిని సైతము అతితృప్తిగా తినరాదు. గమనింపుడు: బరువైనవానిని తినవద్దని ఆయన అనలేదు. సగమువద్ద ఆగుమనినాడు. బూరెను నిషేధింపలేదు, బూరెకు హద్దు గీసినాడు. నేను మూడు మాసములు పట్టిన మార్గము శాస్త్రసమ్మతము కాదని అప్పుడు తెలిసికొంటిని.

ఇక లెక్క చూతము. ఆహారమునందలి శక్తిని కేలరీలలో కొలుతురు. ఒక గ్రాము పిండిపదార్థమునకు 4 కేలరీలు, మాంసకృత్తునకు 4, క్రొవ్వునకు 9. కనుకనే నేయి, నూనె అంత త్వరగా లెక్కను పెంచును. నూరు గ్రాముల బియ్యము సుమారు 350 కేలరీలు. పదునైదు గ్రాముల నేయి, అనగా ఒక చిన్న గరిటెడు, సుమారు 135 కేలరీలు. ఒక గంటసేపు చురుకుగా నడచినచో 70 కిలోల మనుష్యునకు రమారమి 250 కేలరీలు ఖర్చగును. అనగా రెండు గరిటెల నేతిని నడకతో తీర్చవలెనన్న గంటకు పైగా నడువవలయును. కావున తిన్నదంతయు నడకతో కరిగింతుమనుకొనుట భ్రమ. నడక ఆరోగ్యమునకు అవశ్యకము. కాని బరువు తగ్గుట ప్రధానముగా విస్తరిలోనే జరుగును.

దేహములో ఒక కిలో క్రొవ్వు కరుగుటకు సుమారు 7,700 కేలరీలు తక్కువ పడవలయును. ఇప్పుడు వారమును ఏడు దినముల ఖాతాగా తలంపుడు. మనము ఆరు దినములు, దేహము ఖర్చు చేయుదానికంటె దినమునకు 500 కేలరీలు తక్కువగా తింటిమి. 3,000 మిగిలినవి. ఏడవ దినమున విందునకు పోయి, ఖర్చుకంటె 1,000 ఎక్కువ తింటిమి. వారమునకు నికరముగా 2,000 మిగులును. ఈ విధముగా రమారమి నాలుగు వారములలో ఒక కిలో తగ్గును. విందు తిని కూడ తగ్గితిమి! వారమునకు రెండు విందులైనచో, అయిదు దినముల మిగులు 2,500. విందుల ఖర్చు 2,000. నికరము 500 మాత్రమే. కిలో తగ్గుటకు పదునైదు వారములు పట్టును. మూడు విందులైనచో, నాలుగు దినముల మిగులు 2,000, ఖర్చు 3,000, ఇక తగ్గుట మాని పెరుగుట మొదలగును. ఇవి స్థూలమైన లెక్కలే. దేహము తేలికైనకొలది దాని ఖర్చును తగ్గును, లెక్కయు మారును. అయినను తత్త్వ మిదే: చెరచునది విందు కాదు, విందుల సంఖ్య.

మన పూర్వులకు ఈ లెక్క తెలియకున్నను ఆచరణ తెలిసినది. పంచాంగము చూడుడు. సంక్రాంతికి అరిసెలున్నవి, ఉగాదికి బొబ్బట్లున్నవి. వానికి ప్రక్కనే పక్షమున కొక్క ఏకాదశి యున్నది, కార్తికమున ఒంటిపూట భోజన మున్నది. విందును ఉపవాసమును ఒకే త్రాసులో పెట్టినారు. మనము విందులను నిలుపుకొని, ఉపవాసములను ఉప్మా ఫలహారములుగా మార్చుకొంటిమి.

మరియొక మాట. ఈ మండలమున సమృద్ధి పురాతనమైనది కాదు. 1832-33లో నందన నామ సంవత్సరపు కరువు మన తీరాంధ్రమును పీడించినది. ఆర్థరు కాటను దొరగారి పర్యవేక్షణలో ధవళేశ్వరపు ఆనకట్ట 1847లో ఆరంభమై 1852లో పూర్తియైన పిదపనే కాలువలు పారి యీ డెల్టా అన్నపూర్ణ యైనది. అప్పటివారు ఆ యన్నమును ఏతము త్రొక్కి, బియ్యము దంచి, బండివెంట క్రోసులు నడచి కరగించిరి. నేడు మోటారు నీరు తోడును, మిల్లు బియ్యము తెల్లచేయును, బండి మనలను వీథి చివరకు గూడ మోసికొనిపోవును. ఆకలి కాలమున ఏర్పడిన కడుపు, ఆనకట్ట తరువాతి విస్తరి, మోటారు కాలపు కాళ్లు - ఈ మూటికి పొత్తు కుదురుట లేదు.

మెరుగుపెట్టిన బియ్యము వలన మన తీరమున ఒకప్పుడు బెరిబెరి వ్యాధి ప్రబలియుండెను. ఆ వ్యాధిని పరిశోధించుటకై 1918లో కూనూరున ఏర్పడిన చిన్న పరిశోధనశాలయే క్రమముగా పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా ప్రసిద్ధి గాంచినది. ఆ సంస్థ 2024లో ప్రకటించిన సూచనలలో, 2,000 కేలరీల దినాహారమునకు ధాన్యము 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు చాలునని యున్నది. అనగా అన్నముకంటె కూర యెక్కువ! మనమో, అన్నపు కొండకు కూరను బొట్టు పెట్టుదుము. 2023లో వెలువడిన అఖిలభారత పరిశోధన యొకటి మన దేశమున చక్కెరవ్యాధిగ్రస్తులు పది కోట్లకు పైబడినారని చెప్పినది. వైద్యుడు నన్ను గడప దగ్గర హెచ్చరించుట ఊరక కాదు.

ఇంతయు చదివిన పిమ్మట నేను కొన్ని నియమములు వ్రాసికొంటిని.

మొదటిది: వారమునకు ఒక్క విందు. పెండ్లి కాని, హోటలు కాని, పండుగ కాని, ఏదైనను ఒక్కటి. వైశాఖమున, శ్రావణమున శుభలేఖలు గుత్తులుగా వచ్చును. అప్పుడు అన్నింటికి పోవుదును, అక్షతలు వేయుదును. కాని ఒక్క చోటనే పూర్తిగా భుజింతును, తక్కిన చోట్ల మజ్జిగ పుచ్చుకొందును. ముహూర్తముల నెలలో బరువు తగ్గకపోయినను చింతింపను, పెరుగకున్న చాలును.

రెండవది: విందునకు ఆకలితో మాడి పోరాదు. "రాత్రికి విందు కదా" యని పగలంతయు పస్తుండువాడు బంతిలో కూర్చుండగనే రాక్షసుడగును. ఉదయము పెసరట్టో, మధ్యాహ్నము కూర మజ్జిగలతో కొలదిగా అన్నమో తిని, నెమ్మదియైన ఆకలితో పోవలయును.

మూడవది: విస్తరి యంతయు ఒక్కసారి చూచి, ఇంట నిత్యము దొరకునది ఏదో, ఇచ్చట మాత్రమే దొరకునది ఏదో నిర్ణయించుకొనవలయును. తెల్లయన్నము, అప్పడము, సాంబారు ఇంటనున్నవే. పనసపొట్టు కూరయు, అక్కయ్య చేతి బూరెయు ఇంట లేవు. విందునాడు అన్నము సగము చేసి, ఆ చోటు వీనికి ఇయ్యవలయును. మాంసాహారులకును ఇదే న్యాయము. గోదావరి వరదలలో పులస వచ్చినప్పుడు దాని పులుసు తినుడు. ఆ ప్రక్కన వేపుళ్లు మూడు వలదు.

నాల్గవది: మారు వడ్డన లేదు. మొదటిసారి వడ్డించినది వడ్డించువాని గౌరవమునకు. రెండవసారిది మన జిహ్వకు. మొదటిది కాదనరాదు, రెండవదానికి చేతులు జోడింపవచ్చును.

అయిదవది: మెల్లగా తినవలయును. కడుపు నిండినదన్న కబురు తలకు చేరుటకు ఇరువది నిమిషములు పట్టును. మనలో పలువురు ఆ కబురు చేరకముందే చేయి కడుగుకొందురు.

హోటలునకు పోవునప్పుడు మరికొంత జాగ్రత్త వలయును. ఇంట ఎంత నూనె పడినదో ఇల్లాలికి తెలియును. హోటలులో వంటవానికి గూడ తెలియదు. కాకినాడ సుబ్బయ్యగారి హోటలు వంటి చోట కొసరి కొసరి వడ్డించుట ప్రసిద్ధి. అది మన గోదావరి ఆదరణమునకు గుర్తు, నేను దాని నభినందింతును. కాని కొసరువానికి లెక్క లేదు కనుక తినువానికైన లెక్క యుండవలయును. నలుగురు కలిసి పోయినచో తీపియు వేపుడును ఒక్కొక్కటి తెప్పించి పంచుకొనుడు. రంగునీళ్ల సీసాలు మానుడు; అవి చక్కెర నీళ్లే గాని మర్యాద నీళ్లు కావు.

ఇక విందు మరునాటి మాట. మరునాడుదయము త్రాసెక్కి, కిలో పెరిగితినని గుండె బాదుకొనవలదు. ఒక్క రాత్రిలో కిలో క్రొవ్వు పెరుగవలెనన్న ఖర్చుపైని 7,700 కేలరీలు తినియుండవలెను, అది దుస్సాధ్యము. పులిహోర, ఆవకాయలలోని ఉప్పును, పిండిపదార్థమును దేహములో నీటిని నిలుపును. రెండు మూడు దినములలో ఆ నీరు పోవును. కావున వారమునకు ఒకే దినమున, ఒకే వేళ తూచుకొని వ్రాసికొనుడు. మరునాడు పస్తును వలదు, పశ్చాత్తాపమును వలదు. నిన్నటిది జీర్ణము కాకముందే తినుట దోషమని వైద్యశాస్త్రము. కావున ఆకలి వేయువరకు ఆగి, ఉలవచారో పెసరకట్టో, ఆకుకూరయో, మజ్జిగయో కొలదిగా తీసికొని, నిత్యక్రమమునకు మరలుడు. ముఖ్యమైనది ఈ మరలుటయే.

ఇచ్చట ఒక హెచ్చరిక. చక్కెరవ్యాధికి ఇన్సులిను పుచ్చుకొనువారును, బిళ్లలు మ్రింగువారును తమంత తాము ఉపవాసములు చేయరాదు. నెత్తురులో చక్కెర హఠాత్తుగా పడిపోయి ప్రాణాపాయము కలుగవచ్చును. గుండె, మూత్రపిండముల వ్యాధి గలవారికి విందులోని ఉప్పే ప్రమాదము. అట్టివారు వైద్యుని యడిగి నడువుడు. నా నియమములు తిరిగి ఆడుచున్నవారికి మాత్రమే.

నా సంగతి ముగించెదను. ఈ నియమములతో పదునాలుగు మాసములలో 73 కిలోలకు దిగితిని. నడుమ రెండు మూడు మాసములు త్రాసు కదలనే లేదు, ఓపిక పట్టితిని. చక్కెరవ్యాధి ఇంకను గడప బయటనే యున్నది. మోకాళ్లు ఇప్పుడు క్షీరారామలింగేశ్వరుని గుడి చుట్టును అయిదు ప్రదక్షిణములకు ఓర్చుచున్నవి.

ఆరు మాసముల పిదప నేనే అక్కయ్య యింటికి పోయితిని. "అక్కయ్యా, ఆకలి వేయుచున్నది" అంటిని. ఆమె మారుమాటాడక లోపలికి పోయి విస్తరి వేసినది. బూరెలు రెండు వడ్డించినది. రెండును తింటిని. మూడవదానికి ఆమె చేయి చాపగా, చేతులు జోడించి, "ఇవి చాలును, వచ్చే ఆదివారము మరల వత్తును" అంటిని. ఆమె నవ్వి, "అయితే దీన్ని అప్పటిదాకా దాచలేను లేరా, నేనే తింటాను" అని నా యెదుట కూర్చుండి తినినది.

పెద్దలారా, దేహము బరువెక్కినచో తగ్గించుకొనవచ్చును. మనస్సులు బరువెక్కినచో తగ్గించుట కష్టము. ఒకదానికొరకు మరియొకదానిని చెరుపనక్కర లేదు. విస్తరియందు హద్దు, వారమునందు లెక్క, వడ్డించువారియెడ ఆదరము - ఈ మూడును నిలుపుకొన్నవానికి విందును దక్కును, ఆరోగ్యమును దక్కును.